ఎగురు తల్లీ

తెల్లవారుజామున ఆడపిల్లలు బాస్కెట్‌బాల్ ఆడుతుంటే, ఇనుప జాలీ బయట నిలబడి గుడ్లప్పగించి చూసే నడివయసు మగవాణ్ణి ఏ సెక్యూరిటీ మాత్రం ఊరుకుంటాడు? మా అమ్మాయి ఆ కాలేజీలో చేరిన కొత్తలో గేటు దగ్గరి పెద్దాయన నన్ను రెండు మూడు సార్లు బయటికి పంపేశాడు. నా కూతురే ఆడుతోందయ్యా అని నాకొచ్చిన ముక్కల కన్నడంలో మొత్తుకున్నా వినలేదు. చివరికి మా అమ్మాయే బంతి చంకలో పెట్టుకుని వచ్చి, "మా నాన్నే. అరుస్తాడు గానీ ఏమీ చెయ్యడు" అని నాకు పూచీ పడాల్సి వచ్చింది.

మేం ఉండేది హూడిలో. నా ఆఫీసు మహదేవపురలో. కాలేజీ మారతహళ్ళి దాటాక, రింగు రోడ్డు మీద నుంచి లోపలికి వెళ్ళాలి. ఏడు దాటిందంటే ఆ రోడ్డు మీద కారు నడపడం కాదు, కార్లో కాపురం చెయ్యడమే. అందుకని ఇంకా చీకటి ఉండగానే పిల్లను దించి, ప్రాక్టీసు అయ్యేదాకా అక్కడే నిలబడి, పిల్లను మళ్ళీ ఇంటి దగ్గర వదిలి ఆఫీసుకు పోయేవాణ్ణి. మిగతా పిల్లలు పీజీల నుంచి స్కూటర్ల మీద వచ్చేవాళ్ళు. వాళ్ళ అమ్మానాన్నలు ఎక్కడో దూరాన ఉండేవాళ్ళు. అట్లా ఆ జట్టు మొత్తానికి ప్రేక్షకుణ్ణి నేనొక్కణ్ణే అయ్యాను.

నిలబడి చూస్తే సరిపోయేది. కానీ నాకు నోరు ఊరుకోదు. మా అమ్మాయి మనిషి పొడుగు. మా ఇంట్లో ప్రతి గుమ్మమూ ఎప్పుడో ఒకప్పుడు ఆమె నుదుటికి తగిలిందే. రింగుకు తగిలి వెనక్కి వచ్చే బంతిని అందరికంటే ముందు గాల్లోనే అందుకోవడం జట్టులో ఆమె పని. బంతి పైకి లేచిందంటే చాలు, నేను జాలీ పట్టుకుని "ఎగురు తల్లీ, ఎగురు!" అని గొంతు చించుకునేవాణ్ణి.

మొదట్లో పిల్లలు నవ్వారు. కెప్టెన్ కేరళ అమ్మాయి. ఆమె నన్ను ఆటపట్టించడానికి నా గొంతుతో "ఎగురూ!" అని అరిచేది. తర్వాత మైసూరు పిల్ల, ఆ తర్వాత ఈశాన్యం నుంచి వచ్చిన ఇద్దరు. సీజన్ సగానికి వచ్చేసరికి ఎవరు షాట్ వేసినా, బంతి చేతిలోంచి వదలగానే, జట్టు జట్టంతా "ఎగురు!" అనేది. ఎదుటి కాలేజీల వాళ్ళు అదేదో రహస్యపు ఎత్తుగడ అనుకుని బెదిరి చూసేవాళ్ళు. నా ఆనందం అడగొద్దు. ఆఫీసులో ఎవడు దొరికితే వాడికి ఆ కథ చెప్పాను. విన్నవాడే మళ్ళీ మళ్ళీ విన్నాడు పాపం.

పోయిన సీజన్ చివర్లో ఒక మ్యాచ్‌లో మా పిల్ల అట్లాగే ఎగిరింది. బంతి అందుకుంది కూడా. దిగేటప్పుడు కాలు ఎదుటి జట్టు పిల్ల పాదం మీద పడి, మోకాలు లోపలికి తిరిగిపోయింది. ఎవరి తప్పూ కాదు, ఆటలో అయ్యేదే అన్నారు అందరూ. నాకూ తెలుసు. కానీ ఆ క్షణాన నాకు తెలివి ఎక్కడ ఏడ్చింది? గేటు అవతలి వైపు ఉందని మరిచిపోయి జాలీ ఎక్కబోయాను. ప్యాంటు చిరిగింది, మళ్ళీ ఇవతలే పడ్డాను. ఆసుపత్రిలో ఆపరేషన్‌కు తీసుకెళుతుంటే నేను ఏడ్చిన ఏడుపుకు నర్సులు పేషెంటెవరో తెలియక తికమకపడ్డారు. మా అమ్మాయి స్ట్రెచర్ మీద నుంచి చెయ్యి చాపి, "నాన్నా, ఊరుకో. అందరూ చూస్తున్నారు" అంది.

తర్వాత నెలల తరబడి ఒకటే యజ్ఞం. మోకాలు వంచడం, చాపడం, గోడకు ఆనుకుని కూర్చోవడం, మెట్లు. ఆ పిల్ల పళ్ళు బిగించి చేసేది. నేను పక్క గదిలో పళ్ళు బిగించేవాణ్ణి. చివరికి డాక్టరు స్కాన్లన్నీ చూసి, మోకాలు బ్రహ్మాండంగా ఉంది, ఇంక ఆడుకోవచ్చు అన్నాడు. ఇది ఆమెకు కాలేజీలో ఆఖరి సంవత్సరం. ఆ తర్వాత ఉద్యోగం, షిఫ్టులు, కుర్చీ. మళ్ళీ జట్టు అనేది ఎక్కడ దొరుకుతుంది? యూనివర్సిటీ పోటీలకు పద్నాలుగు మందిలో పన్నెండు మందిని తీసుకుంటారు. ఆ పన్నెండులో ఉండాలన్నది తప్ప ఆ పిల్లకు ఇంకో ఆలోచన లేదు.

వానల్లో ప్రాక్టీసు మొదలైంది. అది సిమెంటు కోర్టు, మధ్యలో పల్లం. పిల్లలు ముందు వచ్చి వైపర్లతో నీళ్ళు తోసి, మిగిలిన తడిని గోనెసంచులతో అద్ది, అప్పుడు బంతి తీసేవాళ్ళు. మా అమ్మాయి ఉరుకుతోంది, మలుపులు తిరుగుతోంది, దూరం నుంచి బుట్టలో వేస్తోంది. మొదటి వారమంతా నేను జాలీ బయట పండగ చేసుకున్నాను. అరవలేదు మాత్రం. ఆపరేషన్ తర్వాత ఎందుకో నాకు ఆ మాట నోటి దాకా వచ్చి ఆగిపోయేది. నేను అరవకపోతే ఏమైంది, పద్నాలుగు గొంతులు అరుస్తున్నాయి. కొత్తగా చేరిన ఫస్టియరు పిల్లలకైతే ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో కూడా తెలియదు.

రెండో వారంలో కనిపెట్టాను. బంతి లేచి అందరూ "ఎగురు!" అన్నప్పుడు మా పిల్ల ఎగరడం లేదు. ఎదుటి వాళ్ళను వీపుతో అడ్డుకుంటుంది, చోటు పట్టుకుంటుంది, చేతులు పైకెత్తుతుంది. చూసేవాళ్ళకు అంతా సరిగ్గానే ఉంటుంది. మడమలు మాత్రం నేల వదలవు. బంతి వేరే వాళ్ళకు పోతుంది, ఆమె "గుడ్, గుడ్" అని చప్పట్లు కొడుతుంది. 

ఇరవై ఏళ్ళుగా నా ఉద్యోగం తప్పులు పట్టడమే. సాఫ్ట్‌వేరు ఎక్కడ తెగుతుందో కనిపెట్టి, రాసినవాడి మీద పారేసి, నింపాదిగా టీ తాగడానికి వెళతాను. ఇక్కడా పట్టాను సరే, ఎవడి మీద పారేయను?

కార్లో మెల్లిగా కదిపాను.

"కాలు నొప్పిగా ఉందా తల్లీ?"

"లేదు."

"మరి?"

"మరి ఏంటి నాన్నా?"

"ఏం లేదులే."

అంతే. ఆమె ఫోన్ తీసింది, నేను హారన్ కొట్టాను. ముందున్న ఆటోవాడు దిగొచ్చి కొడతాడేమోనన్నట్టు చూశాడు.

మా ఆవిడది ముళబాగిలు దగ్గర. బెంగుళూరులో ఎన్నాళ్ళున్నా అక్కడి యాస పోలేదు. ఆమెతో చెబితే, "కాలు బాగుండాదని డాక్టరు చెప్పినాడు గదప్పా! నువ్వు ఊరికే చూసి చూసి ఆ పిల్లకు దిష్టి తగిలిస్తా ఉండావు. సుమ్నే ఉండు కొన్నాళ్ళు" అంది. సుమ్నే ఉండటమట! నోరు మూసుకుని కూర్చోవడం నాకు చేతనైతే ఈ పాటికి మేనేజరు అయ్యేవాణ్ణి. ఫిజియోథెరపీ చేసినాయనకు ఫోన్ చేశాను. భయం పోవడానికి టైము పడుతుంది సార్ అన్నాడు. ఎంత టైము అంటే, అది చెప్పలేం అన్నాడు. చెప్పలేని దానికి మీరెందుకయ్యా అని కసిరాను. తర్వాత సిగ్గేసి మళ్ళీ ఫోన్ చేసి సారీ చెప్పాను.

ఆలోచించగా ఆలోచించగా నాకు ఎగురు అనే ఆ మాట మీదే అనుమానం వచ్చింది. బంతి లేచినప్పుడల్లా ఊరంతా కలిసి ఎగురు ఎగురు అంటుంటే, ఆ పిల్లకు కిందటిసారి ఎగిరిందే గుర్తొస్తుంది కదా? మాట ఆపితే మనసు కుదుటపడుతుందేమో. ఆహా, ఏం బుర్రరా నాది అనుకుని, మా అమ్మాయి నీళ్ళు తాగడానికి వెళ్ళినప్పుడు కోచ్ మేడమ్‌ను జాలీ దగ్గరికి పిలిచాను.

ఆవిడది చింతామణి పక్క. ఇంట్లో తెలుగే. నేను చెప్పింది విని, నా వైపు వింతగా చూసింది.

"ఆ మాట మీదే కదా సార్?"

"నాదే. నేనే వెనక్కి తీసుకుంటున్నాను."

"మీ పాప ఎగరడం లేదని నేనూ చూసినాను సార్. కాలు సరిగానే ఉండాది. తకరారంతా లోపల. శనివారం పక్క కాలేజీతో ప్రాక్టీసు మ్యాచ్ పెట్టినాను. అది చూసి పన్నెండు మందిని ఏరుకుంటాను. అంతవరకూ నాకూ ఏం చేయాలో తోచడం లేదు. సరే, చెప్తాను పిల్లలకి."

చెప్పినట్టుంది. మర్నాడు షాట్ వేశారు, బంతి లేచింది. ఒక్క గొంతు లేదు. తడి సిమెంటు మీద బూట్లు కీచుమనడం, బంతి రింగుకు తగలడం, అంతే. పద్నాలుగు మంది ఆడపిల్లలు అంత నిశ్శబ్దంగా ఆడటం నేనెప్పుడూ వినలేదు. పోనీ ఆడుతున్నారా అంటే అదీ లేదు. అరవకుండా ఆపుకోవడంలో ఒక్కొక్కరూ మా అమ్మాయి వైపు ఒకసారి చూసి చూపు తిప్పుకుంటున్నారు. ఇంతకు ముందు ఆ సంగతి నాకూ కోచ్‌కూ తెలుసు. ఇప్పుడు కోర్టు మొత్తానికి తెలిసిపోయింది.

మా అమ్మాయి ఆట మధ్యలో ఆగి అందరినీ చూసింది. తర్వాత జాలీ వైపు తిరిగి నన్ను చూసింది. నేను ఆకాశం చూశాను. కొండంత తెలివి ఉపయోగించి నా పిల్ల పరువు తీశానని అప్పటికి గానీ నాకు వెలగలేదు. తిరుగు దారిలో ముందు సీటు వదిలేసి వెనక సీట్లో కూర్చుంది.

శనివారం మ్యాచ్‌కు ఆఫీసులో ఏదో సాకు చెప్పి ఉండిపోయాను. పక్క కాలేజీ పిల్లలు గట్టివాళ్ళు. మొదటి సగమంతా మా అమ్మాయిని బయటే కూర్చోబెట్టారు. రెండో సగంలో పంపారు. లోపలికి వెళుతూ మోకాలి పట్టీ సవరించుకుంది. నేను జాలీని ఎంత గట్టిగా పట్టుకున్నానంటే వేళ్ళ మీద గళ్ళు గళ్ళుగా అచ్చులు పడ్డాయి.

బాగానే ఆడింది. రెండు బుట్టలు వేసింది, కెప్టెన్‌కు ఒక పాస్ ఇచ్చింది చూడండి, అబ్బ, ఎదుటి వాళ్ళు నోళ్ళు వెళ్ళబెట్టారు. ఇంకాసేపట్లో అయిపోతుందనగా, మా వాళ్ళ షాట్ రింగు అంచున తగిలి పైకి లేచింది. మా పిల్ల సరిగ్గా దాని కింద ఉంది. చుట్టూ ఎవరూ లేరు. బెంచీ మీదున్న ఫస్టియరు పిల్ల ఒకతి, అలవాటులో పాపం మరిచిపోయి, "అక్కా, ఎగురు!" అని కేక పెట్టింది.

ఎగరలేదు. చేతులు పైకెత్తి అట్లాగే నిలబడింది. బంతి దిగింది, ఎదుటి జట్టులో ఒక పొట్టి పిల్ల వెనక నుంచి వచ్చి ఎగిరి లాక్కుపోయింది. మా అమ్మాయి బంతి వైపు చూడలేదు. కోచ్ వైపు కూడా చూడలేదు. చేతులు ఇంకా పైనే ఉండగా తల తిప్పి నా వైపు చూసింది.

నేను నవ్వాను. పర్లేదు తల్లీ అన్నట్టు బొటనవేలు చూపించాను. నా మొహం నాకు కనపడలేదు గానీ, అది నవ్వులా లేదని ఆమె మొహంలో కనపడింది. కోచ్ చెయ్యి ఊపి ఆమెను బయటికి పిలిచేసింది.

తిరిగి వస్తుంటే రింగు రోడ్డు మీద మెట్రో పనుల దగ్గర ట్రాఫిక్ గడ్డకట్టుకుపోయింది. కారు ఆపేశాను. అప్పుడు మాట్లాడింది.

"కోచ్‌కి నువ్వే చెప్పావ్ కదా, అరవొద్దని?"

"నేనే."

"ఎందుకు నాన్నా?"

"ఆ మాట వింటే నీకు పడింది గుర్తొస్తుందేమోనని..."

"నాకు పడింది గుర్తే లేదు. బాల్ పట్టుకున్నది గుర్తుంది, తర్వాత హాస్పిటల్. మధ్యలో బ్లాంక్. నాకు గుర్తొచ్చేది నువ్వు."

"నేనా?"

"ఆపరేషన్‌కి ముందు నీ మొహం. బాల్ పైకి వెళ్ళిన ప్రతిసారీ అక్కడ ఫెన్స్ దగ్గర అదే మొహం పెట్టుకుని ఉంటావ్. ఐ కాంట్ డూ దిస్ టు హిమ్ అగైన్ అనిపిస్తుంది. అంతే, కాళ్ళు లేవవు." అద్దంలోంచి బయటికి చూస్తూ చెప్పింది.  

"నేను నవ్వుతూనే ఉన్నాను కదా తల్లీ."

"అదే నాన్నా, ఆ నవ్వే. అది ఇంకా భయంకరంగా ఉంది."

వెనక వాళ్ళు హారన్లు కొడుతున్నారు. ముందు చోటు ఖాళీ అయిందని కూడా నేను చూసుకోలేదు. ఇన్నాళ్ళూ ఆ పిల్ల భయం ఎట్లా తీయాలా అని ఊరంతా తిరిగాను. అది పొద్దున్నే తనతో పాటు కార్లో వస్తోందని నాకేం తెలుసు? కోపం తెచ్చుకుందామన్నా ఎవరి మీద తెచ్చుకోను? పోనీ మొహం మార్చుకుందామంటే, నాకున్నది ఇదొక్కటే.

"కోచ్ ఇంకో వారం చూస్తానంది. సోమవారం నుంచి కెప్టెన్ స్కూటర్ మీద వెళ్తా. హూడి దాకా వచ్చి ఎక్కించుకుంటానంది. నువ్వు రావొద్దు నాన్నా, ప్లీజ్."

"సరే."

"వచ్చాక ఏమైంది అని అడగొద్దు. అమ్మతో అడిగించొద్దు. కోచ్‌కి ఫోన్ చెయ్యొద్దు."

"సరే తల్లీ."

"ప్రామిస్?"

చెయ్యి చాపింది. చేతిలో చెయ్యి వేశాను. ఆ చెయ్యి నా చేతికంటే పెద్దది ఎప్పుడైందో నాకు తెలియదు.

ఆ వారం ఎట్లా గడిచిందో నాకే తెలియాలి. అలవాటు కొద్దీ చీకట్లోనే మెలకువ వచ్చేది. ఆమె బూట్లు తొడుక్కోవడం, తలుపు చప్పుడు, కింద స్కూటరు హారన్ పడుకునే వినేవాణ్ణి. బాల్కనీలోకి వెళ్ళి చూడొచ్చా? చూడొద్దని అనలేదు కదా? అయినా వెళ్ళలేదు. హాల్లోకి, వంటింట్లోకి, మళ్ళీ హాల్లోకి. "ఏమప్పా, కాలుగాలిన పిల్లి మాదిరి తిరగతా ఉండావు. కూర్చోరాదా ఒక తావు?" అని మా ఆవిడ విసుక్కునేది. ఆమెకూ నిద్ర లేదు. లేకపోతే అంత పొద్దున్నే పప్పు రుబ్బాల్సిన పనేముంది?

పిల్ల తిరిగొచ్చేది. స్నానం, టిఫిను, మళ్ళీ క్లాసులకు పరుగు. ఆ మొహంలో ఏమన్నా దొరుకుతుందేమోనని ప్లేటు మీద నుంచి దొంగచూపులు చూసేవాణ్ణి. బాగా ఆడిన రోజూ అట్లాగే తినేది, ఆడని రోజూ అట్లాగే తినేది. ఒక రోజు "ట్రాఫిక్ ఎట్లా ఉంది?" అని అడిగాను. అంతకంటే దగ్గరికి వెళ్ళే ధైర్యం లేదు. "బాగానే ఉంది" అంది. బెంగుళూరులో ట్రాఫిక్ బాగుందన్న మనిషిని నమ్మడం ఎట్లా?

శుక్రవారం మామూలు కంటే ఆలస్యంగా వచ్చింది. నేను దోసెలు తింటున్నాను, మా ఆవిడ పొయ్యి దగ్గరుంది. వచ్చి స్నానానికి కూడా పోకుండా నా ఎదురుగా కూర్చుని, ప్లేటు ముందుకు లాక్కుంది. ఎడమ చెయ్యి మోచేతి నుంచి మణికట్టు దాకా చర్మం లేచిపోయి ఉంది. సిమెంటు గరుకుకు గీసుకుపోయి, రక్తం అప్పుడే గడ్డకడుతోంది. తుంటి దగ్గర ట్రాక్ ప్యాంటుకు చారెడంత మట్టి.

మా ఆవిడ అట్లకాడ పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. "అయ్యో, ఏమే ఇది..." అని నోరు తెరవబోతే నేను కళ్ళతోనే బతిమాలాను. పెళ్ళైన ఇన్నేళ్ళలో మా ఆవిడ నా మాట విన్నది అప్పుడే. నోరు మూసుకుని, దోసె తెచ్చి పిల్ల ప్లేటులో వేసి, వెనక్కి వెళ్ళిపోయింది.

అంత దెబ్బ నడిచే మనిషికి తగలదు. పైనుంచి పడితే తగులుతుంది. లేదా పరుగులో తడి మీద కాలు జారినా తగలొచ్చు. వాన పడింది కదా రాత్రి. ఎగిరి పడిందా, ఊరికే జారి పడిందా? ఒక్క మాట అడిగితే తేలిపోతుంది.  ప్లేటులో దోసెను ముక్కలు ముక్కలుగా తుంచుతూ కూర్చున్నాను.

"నాన్నా, కారప్పొడి."

డబ్బా అందించాను. ఆ దెబ్బ తగిలిన చేత్తోనే అందుకుంది. చెయ్యి చాపినప్పుడు మంట పుట్టి పెదవి కొరుక్కుంది. నొప్పిగా ఉందా అని కూడా నేను అడగలేను. మొహం మామూలుగా పెట్టాలని ఎంత ప్రయత్నించానో ఆ దేవుడికే తెలుసు. అది ఎట్లా వచ్చిందో ఏమో, పిల్ల తల ఎత్తలేదు, దోసె చుట్టుకుని తింటూనే ఉంది.

లేచి చేతులు కడుక్కునే వంకతో బాత్‌రూములోకి వెళ్ళి, కుళాయి విప్పేసి ఏడ్చాను. బాధతో కాదు. మోకాలు దెబ్బతిన్న నాటి నుంచీ, నా బిడ్డ మళ్ళీ కింద పడకుండా చూడు స్వామీ అని మొక్కని రోజు లేదు. అట్లాంటివాణ్ణి, ఆ పిల్ల చెయ్యి తోలు లేచిపోయి రక్తం గడ్డకడుతుంటే చూసి, పడింది, నా తల్లి పడింది అని సంతోషిస్తున్నాను. ఎట్లా పడిందో మాత్రం నాకు ఇప్పటికీ తెలియదు.